మేడమ్ దిద్దుకున్న మాట: అడ్జస్ట్

మాకు ఇంగ్లీషు చెప్పిన మేడమ్ పోయిన వారం సంగారెడ్డిలో కన్నుమూశారు. ఫోన్‌లో ఆ కబురు విన్నప్పుడు ఏడుపు కంటే ముందు నాకు సిగ్గే కలిగింది. అంత పెద్దావిడ నా ఎదుట చేతులు జోడించిన రోజు గుర్తొచ్చింది.

కాలేజీలో రిటైరయ్యాక ఆవిడ పటాన్‌చెరులో ఒక గది కిరాయికి తీసుకుని, ఫ్యాక్టరీల్లో పనిచేసే మాకు సాయంత్రాలు ఇంగ్లీషు నేర్పేవారు. "మాటకు కూడ తల్లిగారిల్లు ఉంటది బిడ్డా. అది తెలిస్తేనే మన మాట ఇంటది" అనేవారు. తప్పు చదివితే నవ్వేవారు కాదు. తల ఊపి, "ఇంకోపారి" అనేవారు, అంతే.

అప్పట్లో నేను మందుబిళ్ళల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనిలో ఉండేదాన్ని. మా షెడ్డులో ఆడవాళ్ళకు బాత్రూం లేదు. అవతలి షెడ్డుకు పోవాలంటే అందరూ వింటుండగా సూపర్‌వైజర్‌ను అడగాలి. ఆ సిగ్గుకు మేం నీళ్ళు తాగడమే మానేశాం. ఒకరోజు క్లాసయ్యాక మేడమ్‌కు చెప్పాను. ఆవిడ బోర్డు తుడుస్తూనే, "ఏడికి పోయినా గట్లనే ఉంటది బిడ్డా. జెర అడ్జస్ట్ చేసుకో" అన్నారు.

సూపర్‌వైజర్ అనేదీ అదే మాట. మర్నాటి నుంచి క్లాసుకు పోలేదు. కొన్నాళ్ళకు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చి మంచం పట్టాను.

తోటి అమ్మాయిల ద్వారా తెలుసుకుని మేడమ్ ఆటోలో భానూర్‌లోని మా ఇంటికి వచ్చారు. మా అమ్మ చూస్తుండగానే నాకు చేతులు జోడించారు. "తప్పయింది బిడ్డా. నువ్వు చెప్పేది ఇనకుండ నోటికొచ్చింది అనేసిన. నాకే సిగ్గయితుంది" అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మ కంగారుపడి, "అయ్యో, గట్లనకుండ్రి మేడం, పెద్దోళ్ళు మీరు" అంది.

"పెద్దదాన్నయితే మాత్రం? తప్పు తప్పే గద" అన్నారావిడ.

నేను మళ్ళీ క్లాసుకు పోయిన రోజు బోర్డు మీద 'అడ్జస్ట్' అన్న ఆ మాటే రాశారు. లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చిందట. మొదట్లో పక్కకు చేర్చడం, దగ్గరికి తేవడం అని అర్థమట. సరిచేయడం, సర్దుకోవడం ఆ తర్వాత వచ్చినవట. "బస్సుల అడ్జస్ట్ కాండ్రి అంటే అందరం తలా ఇంత జరుగుతం. ఒక్కదాన్నే జరుగు జరుగు అని గోడకు నూకితే అదేం అడ్జస్టు?" అని, "నేను చేసింది గా పనే" అన్నారు. ఎవరం ఆవిడ మొహంలోకి చూడలేకపోయాం.

తర్వాత ఫ్యాక్టరీ గేటు దగ్గరికి మాతో తనే వచ్చారు. బయటికి వచ్చిన మేనేజర్ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. "తెలుగుల చెప్పుండ్రి సారూ, పిల్లలు కూడ ఇనాలె" అన్నారు. మేం చెవిలో గుసగుసగా చెప్పుకునే బాత్రూం మాటను ఆవిడ గేటంతా వినపడేలా అన్నారు. నెల తిరక్కుండానే మా షెడ్డు పక్కన బాత్రూం గోడలు లేచాయి.

గేటు దగ్గర మాట్లాడిన ఆ రోజు వాచ్‌మన్ మేడమ్‌కు కుర్చీ తెచ్చి వేశాడు. ఆవిడ చేతిసంచి మాత్రం అందులో పెట్టి, కొంగుతో మెడ తుడుచుకుంటూ, షిఫ్టు దిగిన ఆడవాళ్ళ మధ్య ఎండలో అలాగే నిలబడ్డారు.