మావయ్యగారి గాజు చెరువు

మొన్నామధ్య ఒక ఉదయం, కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, మా పై అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. ముచ్చటపడి అక్వేరియం కొనుక్కుందట, చేపలన్నీ నీళ్ల పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయట. నీళ్లకు మేలు చేసే సూక్ష్మజీవులంటూ సీసాలో అమ్మేదేదో ఫోన్లో నొక్కి తెప్పించిందట, కాఫీ కలుపుకునేలోపు అది గుమ్మం ముందు వాలింది గానీ చేపలు మాత్రం తేరుకోలేదట. కింది ఫ్లాటు ఆంటీ ఇంట్లో చాలా ఏళ్ల నాటి అక్వేరియం ఉందని వాచ్‌మన్ చెప్పాడట. ఏడుపు ఆపుకుంటూ ఆమె చెబుతుంటే నేను కత్తెర కోసం వెతుకుతున్నాను, కానీ మనసు అప్పటికే మావయ్యగారి దగ్గరికి వెళ్లిపోయింది.

మావయ్యగారు అంటే మా ఆయన తండ్రి. భీమవరం దగ్గర చేపల చెరువు చేసిన మనిషి. అత్తయ్యగారు పోయిన మరుసటి ఏడు ఆయన చెరువు గట్టు మీద కాలు జారి పడి, ఎవరో చూసి లేపేదాకా అక్కడే ఉండిపోయారు. ఆ తర్వాత మా ఆయన వెళ్లి, చెరువు కౌలుకిప్పించి, ఆయన్ను దాదాపు ఎత్తుకొచ్చినట్టే సికింద్రాబాద్ తీసుకొచ్చారు. అప్పుడు మేము ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక పాత ఇంటి మేడ మీది వాటాలో ఉండేవాళ్లం. మావయ్యగారు పొద్దున్నే లేచి, వరండాలో కుర్చీ వేసుకుని, వీధిలోకి చూస్తూ కూర్చునేవారు. పేపరు చదవడం ఇట్టే అయిపోయేది, టీవీ ఆయనకు నచ్చేది కాదు, పార్కుకు వెళ్లి నలుగురితో కూర్చోమంటే రోజంతా చెట్ల కింద ఊరికే కూర్చోవడానికి తానేమైనా పింఛను పుచ్చుకుంటున్నానా అనేవారు. మాట్లాడితే చెరువు మాటే. కౌలు గడువు దసరాకు ముగుస్తుంది, ఈసారి నేనే వెళ్లి చేసుకుంటానని రోజుకోసారి అనేవారు. మోకాళ్లు సహకరించని మనిషి ఒంటరిగా ఆ గట్ల మీద తిరగడం తలుచుకుంటేనే మాకు భయం వేసేది. అలాగని వద్దని గట్టిగా చెప్పే ధైర్యమూ మా ఇద్దరికీ లేదు.

ఆయన్ను ఎలాగైనా ఇక్కడ నిలబెట్టాలని మా ఆయనకు తట్టిన ఉపాయం అక్వేరియం. మా కింది వాటాలో ఉండే ఆవిడను నేను అక్కా అని పిలిచేదాన్ని. వాళ్లాయన సికింద్రాబాద్‌లో ఫొటోలకు ఫ్రేములు కట్టే అద్దాల దుకాణం నడిపేవారు. తొట్టె ఆయనే చేసి ఇచ్చారు. అక్క పుట్టిల్లు బన్సీలాల్‌పేట్. ముస్లింలైనా ఆ ఇంట్లో ఉర్దూ ఎంతో తెలుగూ అంతే, కోపం వస్తే మాత్రం రెండూ కలిసి ఒకేసారి వచ్చేవి. వాళ్లింట్లో అప్పటికే పెద్ద అక్వేరియం ఉండేది. దానిని పిల్లల మాదిరి సాకేది అక్క. మా ఇంట్లో అవసరం పడ్డప్పుడల్లా పెరుగుకు తోడు కోసం నేను ఆమె దగ్గరికే దిగేదాన్ని, నాకన్నా ముందు నా గిన్నె ఆమెకు పరిచయం అని నవ్వేది.

అక్వేరియం వచ్చిన రోజు మావయ్యగారి ముఖం చూడాలి. పట్టుమని నాలుగు గోల్డ్ ఫిష్‌లు, ఒక నల్ల చేప, కింద రంగురంగుల గులకరాళ్లు, బుడగలు వదిలే పంపు. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, అద్దానికి ముక్కు ఆనించి చూసి, పెదవి విరిచారు.

"ఏవిటమ్మాయ్ ఇది, నీళ్లు ఇంత తేటగా ఉంటే చేప ఏం తిని బతుకుతుంది? నీళ్లు రంగు తిరగాలి!"

చెరువు మనుషులకు పచ్చటి నీళ్లే ఐశ్వర్యం మరి. అందుకని తొట్టెను ఎండ పడే కిటికీ దగ్గరికి జరిపించారు. చెరువులో చిల్లుల సంచుల్లో తవుడు నింపి గెడలకు వేలాడదీస్తారు కదా, ఆ లెక్కన నా పాత జాకెట్టు గుడ్డలో తవుడు మూటకట్టి, దానికి చిల్లులు పొడిచి, గరిటెకు వేలాడదీసి తొట్టెలోకి దింపారు. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నీళ్లు కుడితిలా ఉన్నాయి. అక్క పైకి వచ్చి చూసి, నవ్వలేక గోడ పట్టుకుంది. మావయ్యగారికి మాత్రం కోపం రాలేదు. వీటికి తూకం పెరిగే యోగం లేదులే, ఇవి చూపుకే గాని కూరకు పనికిరావని ఒప్పుకుని, అక్క చెప్పినట్టు చిటికెడు మేతకు దిగివచ్చారు.

అక్కడి నుంచి ఆయన మారుతూ వచ్చారు. పొద్దున లేస్తూనే వీధి వంక కాకుండా తొట్టె వంక తిప్పి కుర్చీ వేసుకోవడం మొదలెట్టారు. ఏ చేప ఏ చేపను తరిమింది, ఏది మేతకు ముందొస్తుంది, ఏది బద్ధకస్తురాలు, అన్నీ భోజనాల దగ్గర మాకు చెప్పేవారు. నల్ల చేపను మా ఊరి కరణంలా ఉందనేవారు, ఎవరు తింటున్నా పక్కన వచ్చి నిలబడుతుందని. మా ఆయన నా వైపు చూసి కళ్లతోనే నవ్వేవారు. దసరా మాట కొంచెం తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

ఇంతలో ఆయనకు గులకరాళ్ల కింద చేరిన మడ్డి కనిపించింది. మీలో గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు. చేపల పట్టుబడి అయ్యాక చెరువును పూర్తిగా ఖాళీ చేసి, అడుగు బీటలు తీసేదాకా ఎండగట్టి, సున్నం చల్లి, ఆ తర్వాతే కొత్త నీళ్లు పెట్టడం అక్కడి ఆచారం. అలా చెయ్యని వాణ్ణి సోమరిపోతు అంటారు. మావయ్యగారు జీవితంలో ఎన్నడూ సోమరిపోతు అనిపించుకోలేదు. మేము ఆఫీసులకు వెళ్లిన సమయం చూసుకుని, చేపల్ని బకెట్లోకి మార్చి, గులకరాళ్లను మేడ మీద పాత చీర పరిచి అప్పడాల మాదిరి ఎండబెట్టారు. పంపుకు తగిలించే స్పాంజిని నల్ల నీళ్లు రావడం ఆగేదాకా ఉతికి దండెం మీద ఆరేశారు. అద్దాలకు సున్నపు తేట పట్టించి కడిగారు. కొళాయి నీళ్లలో మందు వాసన పోవాలని ముందే పట్టి నిలవ కూడా ఉంచారు. అంత జాగ్రత్త మనిషి. అంతా అయ్యాక తొట్టె మెరిసిపోయింది, మేమూ ఆహా ఓహో అన్నాం.

కొన్నాళ్లు బాగానే ఉంది. ఒక తెల్లవారుజామున ఆయన నన్ను పిలిచిన పిలుపుకు ఇద్దరం పరుగెత్తుకొచ్చాం. చేపలన్నీ పైకి తేలి, నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. కరణం ఒక మూలకు ఒరిగిపోయి ఉంది. చెరువులో ఇలాంటి తెల్లవారుజాములు ఆయన చాలా చూశారు, అందుకే ఆ దృశ్యం మాకన్నా ఆయనకే ఎక్కువ అర్థమైంది. కుర్చీలో కూలబడి, అంత పెద్ద చెరువు చేసినవాణ్ణి, గ్లాసుడు నీళ్లలో చేపల్ని బతికించలేకపోయాను, ఈ ఊళ్లో నా చేతికి ఏదీ అచ్చిరాదు, నన్ను బస్సెక్కించెయ్యండి అన్నారు. అని ఊరుకోలేదు, లేచి వెళ్లి అల్మారాలోంచి పంచెలు తీసి సంచిలో పెట్టుకోవడం మొదలెట్టారు. మా ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చేసింది. ఆ చేపలు పోతే ఈయన వెళ్లిపోతారు, వెళ్తే ఆ గట్టు మీద మళ్లీ ఎప్పుడో పడతారు, ఈసారి లేపడానికి ఎవరూ రాకపోవచ్చు, అంతే నాకు కనిపించింది.

నా ఏడుపు విని అక్క చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చింది. తొట్టె చూసింది, మురికి చుక్క లేకుండా ఉతికిన స్పాంజి చూసింది, మావయ్యగారి సంచి చూసింది, విషయమంతా ఆమెకు తెలిసిపోయింది.

"అయ్యో బాపూ, గిట్ల కడుగుతరా! గా మడ్డిల్నే పానముండేది. నీళ్లు సాఫ్ చేసేటియన్ని ఎండల పోయినయ్. పరేషాన్ గాకున్రి, తోడేస్తె మల్ల అయితది. జెర ఆగున్రి, తెస్త."

కిందికి వెళ్లి, నేను పెరుగు తోడుకు తీసుకెళ్లే గిన్నెలాంటి గిన్నెలోనే, వాళ్ల తొట్టెలోని స్పాంజిలో సగం కోసి, నల్లగా కారుతూ ఉన్నదాన్ని, వాళ్ల తొట్టె నీళ్లలోనే ముంచి తెచ్చింది. మావయ్యగారు పంచె చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఆ మురికి వైపు చూశారు. కొత్తగా ఎండగట్టిన చెరువులోకి పాత చెరువు నీళ్లు కొన్ని తెచ్చి కలిపే పద్ధతి ఆయనకు తెలియనిది కాదు. తన చెరువులో ఎన్నోసార్లు చేసిందే, అద్దాలు చూసి మరిచిపోయారు. సంచి పక్కన పెట్టి తొట్టె దగ్గరికి వచ్చారు.

"మేత ఆపెయ్యాలమ్మాయ్. చిటికెడు కూడా వద్దు. బకెట్లో నిలవ నీళ్లు ఉన్నాయా?"

ఆ క్షణం నుంచి ఇంట్లో పెత్తనం ఆయనది. అక్క తెచ్చిన స్పాంజిని ఆయనే మా పంపుకు తగిలించారు. నిలవ నీళ్లు ముగ్గురం మోశాం. ఆయన చెంబుతో పైనుంచి ధారగా పోస్తూ నీళ్లను కదిలిస్తుంటే, అక్క కొంచెం కొంచెంగా పాత నీళ్లు తోడేసింది. అలా రోజూ కొంత తీయడం, కొంత పోయడం, మేత లేకుండా చూస్తూ కూర్చోవడం. చేపలు తేరుకునేదాకా ప్రయాణం వాయిదా అన్నారు. ఒక గోల్డ్ ఫిష్ దక్కలేదు. మిగిలినవి ఒక్కొక్కటే కిందికి దిగి తిరగడం మొదలెట్టాయి. అందరికన్నా చివర కరణం లేచింది. అది మేత కోసం అద్దం దగ్గరికి వచ్చిన రోజున మావయ్యగారు అక్కకు గిన్నె తిరిగి ఇవ్వమని నాకు ఇస్తూ, ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అందులో బెల్లం ముక్క పెట్టారు.

దసరాకు ముందు కౌలుదారు ఫోన్ చేశాడు. మా ఆయన, నేను వంటింట్లో గిన్నె కదిలితే చప్పుడవుతుందన్నట్టు నిలబడి విన్నాం. మావయ్యగారు యోగక్షేమాలన్నీ అడిగాక, ఈ ఏడూ నువ్వే చేసుకోరా అన్నారు. అవతలివాడు ఏమన్నాడో మరి.

"ఎలా వస్తాన్రా, ఇక్కడ నాకో చెరువుంది. వదిలి ఎక్కడికి రాను?"

నేను సింకు వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా అదే పని చేశాను.

ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ తొట్టె చెక్కుచెదరలేదు. వారానికోసారి కొంచెం నీళ్లు మార్చడం, తీసిన నీళ్లలోనే స్పాంజిని ఒక్కసారి పిండడం, కొళాయి కింద మాత్రం ఎన్నడూ పెట్టకపోవడం. ఎండ పడే కిటికీ నుంచి తొట్టె ఎప్పుడో పక్కకు జరిగింది. మా వీధిలో, సైనిక్‌పురి వైపు కూడా, ఎవరింట్లో చేపలు నలతపడినా ఈయనకు కబురు వచ్చేది, ఈయన గిన్నెలో తోడు పట్టుకుని వెళ్లేవారు. అక్క వాళ్లు ఇల్లు మారినప్పుడు వాళ్ల తొట్టె దారిలో పగిలిపోతే, అక్క మా ఇంటికే వచ్చి గిన్నె చాపింది. ఆమె తోడు ఆమెకే తిరిగి ఇస్తున్నందుకు మావయ్యగారు పడ్డ సంబరం ఇంతా అంతా కాదు. ఆయన నిద్రలోనే వెళ్లిపోయారు, ఆ పాత ఇల్లూ పోయి మేము ఈ అపార్ట్‌మెంట్‌లోకి వచ్చాం. చేపలెన్నో తరాలు మారాయి, స్పాంజి కూడా అరిగి అరిగి కొత్తది పక్కన చేర్చుకుంటూ వచ్చాను గాని, ఒక్కసారి కూడా మొదటి నుంచి మొదలుపెట్టలేదు.

అదే స్పాంజి నుంచి ఆ ఉదయం ముక్క కోసి, గిన్నెలో పెట్టి ఆ అమ్మాయికి ఇచ్చాను. ఎలా పెట్టాలో, మేత ఎందుకు ఆపాలో చెప్పాను. పెరుగుకు తోడులాంటిదమ్మా అంటే, వాళ్లింట్లో పెరుగు ప్యాకెట్లోదేనట, తోడు వేయడం ఎప్పుడూ చూడలేదట. నాకు నవ్వొచ్చింది, కొంచెం బాధ కూడా వేసింది. నేనూ ఈ మధ్య ప్యాకెట్ పెరుగే తెప్పిస్తున్నాను, అదేదో ఆ పిల్ల ఒక్కదాని తప్పైనట్టు ఎందుకు అనుకోవాలి? ఈ భవనంలో ఇన్ని ఇళ్లున్నాయి, గిన్నె పట్టుకుని నా తలుపు తట్టినవాళ్లు ఇన్నేళ్లలో లేరు, నేనూ ఎవరి తలుపూ తట్టలేదు.

నిన్న గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చింది. తళతళలాడేలా తోమి తెచ్చింది, ఖాళీగా. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని ఆమెకు చెప్పినవాళ్లెవరున్నారు, నేనూ చెప్పలేదు. చేపలు తిరుగుతున్నాయని ఫోన్లో చూపించి, వెళ్లబోతూ మెట్ల దగ్గర ఆగి, ఆంటీ, నాలుగో అంతస్తులో వాళ్లు కూడా అక్వేరియం పెడుతున్నారట, కొన్నాళ్లు ఆగి నా దాంట్లోంచి ముక్క కోసి ఇవ్వొచ్చా అని అడిగింది. ఇవ్వమ్మా అన్నాను. తలుపు వేసుకుని వచ్చి, మావయ్యగారి కుర్చీలో కూర్చుని, చాలాసేపు తొట్టె వంక చూస్తూ ఉండిపోయాను.