సీలు తీయని నీళ్ళు

ముందే చెప్పేస్తున్నాను. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. వాటికి కూడా నా మీద పెద్ద ఆశలేమీ ఉన్నట్టు ఎప్పుడూ కనిపించలేదు. ఇన్నేళ్ళూ ఒకరి జోలికి ఒకరు పోకుండా మర్యాదగానే బతికాం.

మాది మలేసియాలో బాగన్ దాతుక్ వైపు కొబ్బరి ఎస్టేటు కుటుంబం. మా ఇళ్ళలో కరెంటు పోతే ముందు దెయ్యాన్ని అనుమానిస్తారు, ఆ తర్వాత ఫ్యూజు చూస్తారు. నేను ఇప్పుడు షా ఆలంలో ఒక ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం చేస్తున్నాను. "దానంతట అదే పోయింది" అని రోజూ ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. దానంతట అది ఏదీ పోదు. ఎవరో ఏదో నొక్కి ఉంటారు. నాకు మతమంటూ ఉంటే అదే.

అందుకే ఈ సంగతి రాయాలంటే చిరాగ్గా ఉంది. పోనీ జరిగేదేదో పద్ధతిగా జరిగిందా అంటే అదీ లేదు. దెయ్యం కథన్నాక ఒక అర్ధరాత్రి ఉండాలి, ఒక తెల్ల చీర ఉండాలి, కనీసం ఒక కుక్కయినా ఏడవాలి. నా వాటాకి వచ్చింది మిట్టమధ్యాహ్నం, మండే ఎండ, రెండు మినరల్ వాటర్ సీసాలు.

మా పెద్దమ్మ కూతురు దేవి అక్క హుటాన్ మెలింటాంగ్‌లో ఉంటుంది. రబ్బరు చేతితొడుగుల ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి, కొన్ని పాడిల్‌బోర్డులు కొని, శని ఆదివారాల్లో జనాన్ని మడచెట్ల మధ్య కాలువలో తిప్పే పని మొదలుపెట్టింది. పాడిల్‌బోర్డు తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఇస్త్రీ బల్లలాంటి దానికి గాలి కొట్టి, నీళ్ళ మీద వేసి, దాని మీద నిలబడి తెడ్డు వేయాలి. ఇంత కష్టానికి మనమే ఎదురు డబ్బులివ్వాలి.

మొదటి నెలలోనే ఒక కుర్రాడు ఎండదెబ్బ తగిలి బోర్డు మీదే కుప్పకూలాడు. చుట్టూ అన్ని నీళ్ళుంటే దాహం వేయదనుకున్నాడో ఏమో, చుక్క తాగలేదు. చేపల పడవవాళ్ళు మోసుకొచ్చారు. అక్క బోర్డులు దింపేది ఒక చీనా తావ్కే జెట్టీ నుంచి. తావ్కే అంటే ఇక్కడ యజమాని. ఆయన అరవలేదు, తిట్టలేదు. "ఇంకొక్క మనిషి ఇలా వస్తే జెట్టీ లేదు" అని మెల్లగా చెప్పి, చేపలు తూచుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ ఒడ్డున బోర్డు దింపడానికి ఇంకో చోటు లేదు. అంతా మోకాలి లోతు బురద. జెట్టీ పోతే అక్క మళ్ళీ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడాల్సిందే. దాచుకున్నదంతా ఆ బోర్డుల్లోనే ఉంది.

అందుకని అక్క అందరికీ నడుముకు కట్టుకునే పౌచ్‌లు కొంది. అటొక సీసా, ఇటొక సీసా పెట్టుకునేవి. చేతులు తెడ్డుకి ఖాళీగా ఉంటాయి, నీళ్ళు నడుము దగ్గరే ఉంటాయి. ఆమె మెడలో ఒక ఈల. ఈల మోగితే అందరూ తెడ్డు ఆపి తాగాలి. "దాహమేసినప్పుడు తాగడం కాదు, నాను ఈలేసినప్పుడు తాగాల" అని ఆవిడ శాసనం.

ఆ తర్వాతి ట్రిప్పుకి నన్ను పిలిచింది.

"ఎనకాల నువ్వుండాల సూరీ. ఎవులైనా తూలిపోతంటే సూసి కేకెయ్యాల. ఈసారి ఎవులూ పడకూడదు."

"నేను పడితే?"

"నిన్ను కాలవలోనే ఒగ్గీసి వస్తాను."

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. అడవిలోనో కాలువ పక్కనో ఒంటికి వెళ్ళాల్సి వస్తే, ముందు ఆ చోటుకి పెద్దయిన దాతుక్‌ని అనుమతి అడగాలి. దాతుక్ అంటే తాత. కనిపించడు, కానీ ఉంటాడు. మలేలు అడుగుతారు, తమిళులు అడుగుతారు, చీనావాళ్ళయితే చిన్న గుడే కట్టి సిగరెట్టు కూడా వెలిగించి పెడతారు. మావాళ్ళు తెలుగులో అడుగుతారు. ఆ ఉదయం జెట్టీ మీద పెద్దమ్మ నా పౌచ్ బెల్టు బిగిస్తూ మళ్ళీ చెప్పింది.

"తాతని అడక్కుండా కాలవలో ఒంటికెల్లకు నాయినా. నువ్వు ఎవులి పిల్లోడివో సెప్పి, అప్పుడు అడగాల."

"తాతకి ఐసీ గుర్తింపు కార్డు కూడా చూపించాలా పెద్దమ్మా?"

"నవ్వు, నవ్వు. కడుపు పట్టుకుని నవ్వు."

నా ఇబ్బంది మీకు అర్థమవుతుందో లేదో. నేను నమ్మను కాబట్టి అడగను. పోనీ అడక్కుండా కానిచ్చేయవచ్చు కదా అంటారా, అదీ నా వల్ల కాదు. ఎందుకు కాదని నన్నడగొద్దు. మిమ్మల్నీ అలాంటి ఇంట్లో పెంచి ఉంటే తెలిసేది. చివరికి నేనొక శాస్త్రీయమైన ఉపాయం కనిపెట్టాను. నీళ్ళే తాగకపోతే ఏ సమస్యా లేదు.

అక్క ఇచ్చిన సీసాలు కొత్త ప్లాస్టిక్ వాసన కొడుతున్నాయని, జెట్టీ ఎదురుగా ఉన్న కొట్లో రెండు మినరల్ వాటర్ సీసాలు నేనే కొన్నాను. ఫ్రిజ్‌లోంచి నేనే తీశాను. నిండుగా, చల్లగా ఉన్నాయి. పౌచ్‌లో పెడితే వాటి చెమట నా చొక్కా తడిపింది. బయల్దేరే ముందు జెట్టీ మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాను. పొద్దున్నుంచి కడుపులో పడింది ఒక నల్ల కాఫీ, ఒక రొట్టె. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

ఆ రోజు వచ్చింది ఈపో నుంచి ముగ్గురు టీచరమ్మలు. వాళ్ళలో పెద్దావిడ నన్ను కింది నుంచి పైకి చూసి తమిళంలో అడిగింది. "తంబీ, నువ్వు మాకు కాపలానా, మేము నీకా?"

ముందు అక్క, మధ్యలో టీచరమ్మలు, చివర నేను. కాలువ బాగుంది. మడచెట్ల వేళ్ళ మీద పీతలు, పైన కొంగలు. గాలి మాత్రం లేదు. ఈల మోగింది. అందరూ తాగారు. నేను సీసా తీసి, మూతని పిడికిట్లో దాచి, తల పైకెత్తి, గొంతు ఆడించి, మళ్ళీ పౌచ్‌లో పెట్టేశాను. సీలు తీయలేదు. నటన బాగానే వచ్చింది.

"సూరీ, తాగినావా?"

"తాగినానక్కా!"

ఈల మోగినప్పుడల్లా ఇదే తంతు. ఒకసారి కుడి సీసా, ఒకసారి ఎడమ సీసా. నాటకమన్నాక కాస్త వైవిధ్యం ఉండాలి కదా.

తిరుగు ప్రయాణంలో కాలువ వెడల్పయ్యే మలుపు దగ్గర చెట్ల నీడ అయిపోయింది. సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉన్నాడు. ఆటు మొదలై నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. అక్కడ ఆపకుండా తెడ్డు వేయాలి, లేకపోతే జెట్టీ దాటి కొట్టుకుపోతాం. నాకు చెమట ఆగిపోయింది. ముందు హాయిగా అనిపించింది. తర్వాత చెవుల్లో హోరు. టీచరమ్మల లైఫ్ జాకెట్లు ముగ్గురివి కాస్తా ఆరుగురివయ్యాయి. నాలుక అట్టముక్కలా అయిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను.

అప్పుడు నాకు చావు గుర్తురాలేదు. తావ్కే గుర్తొచ్చాడు. జనం పడకుండా చూడమని పెట్టిన మనిషే పడిపోతే, ఆయన అరవక్కర్లేదు, వెళ్ళి చేపలు తూచుకుంటే చాలు. అక్క బతుకు నా ఒంటేలు బాధ వల్ల బురదలో కలిసిపోతుంది. నా మీద నాకే అసహ్యం వేసింది. దాతుక్ లేదు, దెయ్యం లేదు, తాగేద్దాం అనుకున్నాను. ముందు నుంచి అక్క ఈల వినిపించింది.

కుడి సీసా తీశాను. తేలిగ్గా వచ్చింది. ఖాళీ.

మామూలు ఖాళీ కూడా కాదు. మనిషి నోటితో గట్టిగా లాగి తాగితే సీసా లోపలికి నొక్కుకుపోతుంది చూశారా, అలా నొక్కుకుపోయి ఉంది. మూత బిగించే ఉంది. మూత కింద సీలు రింగు ఎక్కడా తెగలేదు. ఎడమ సీసా తీశాను. అదీ అంతే.

నేను కంగారు పడాల్సింది ఆ క్షణంలోనే. నీళ్ళు లేవు, ఎండ ఉంది, ఆటు ఉంది. కానీ సరిగ్గా అప్పుడే నేను బాగున్నానని నాకు తెలిసింది. చెవుల్లో హోరు లేదు. టీచరమ్మలు మళ్ళీ ముగ్గురయ్యారు. పెదాలు తడిగా ఉన్నాయి. గొంతు లోపల, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళు గబగబా తాగితే ఎలా ఉంటుందో, అలాంటి చల్లదనం. పొద్దుటి నుంచి ఎండలో ఉన్న పౌచ్ ముట్టుకుంటే కాలుతోంది.

లేచి నిలబడ్డాను. కాళ్ళు గట్టిగా నిలిచాయి. తెడ్డు వేశాను. అప్పుడు రెండో సంగతి తెలిసింది. నాకు అర్జెంటుగా ఒంటికి వెళ్ళాలి.

కొంచెం వస్తున్నట్టుగా ఉందా అంటే, లేదు. రెండు సీసాల నీళ్ళు తాగి సినిమా మొత్తం కదలకుండా కూర్చున్నవాడికి వచ్చే రకం. దీన్నుంచి తప్పించుకోవడానికే కదా నేను ఇంతసేపూ ఎండుచేపలా ఎండింది! కోపంతో కాలువ మధ్యలో గట్టిగా అరవాలనిపించింది. అరిస్తే అదీ జారిపోతుందని ఆగాను.

టీచరమ్మలు మలుపు తిరిగేదాకా ఆగి, బోర్డుని మడచెట్ల మొదట్లోకి తోశాను. చుట్టూ చూశాను. పీతలు తప్ప ఎవరూ లేరు. నాకు వచ్చిన తెలుగులో, పీతల ఎదుట, పళ్ళు కొరుకుతూ అడిగాను.

"తాతా, నాను పైడమ్మ మనవడ్ని. దేవక్క తమ్ముడ్ని. ఒంటికెల్లాల. తప్పొగ్గీ."

గాలి వీచలేదు, కొమ్మ ఊగలేదు. పని కానిచ్చాను. సాక్ష్యం ఎంత వివరంగా ఇవ్వాలో తెలియడం లేదు గానీ, ఒక కప్పు కాఫీకి అంతసేపు పట్టదు.

జెట్టీకి అందరం నిలబడే చేరాం. తావ్కే బయటికి వచ్చి తలలు లెక్కపెట్టుకుని లోపలికి పోయాడు. అక్క హమ్మయ్య అని ఊపిరి వదలడం నాకు వినిపించింది. టీచరమ్మలు సెల్ఫీలు తీసుకుని, వచ్చే నెల ఇంకొంతమందిని తీసుకొస్తామని చెప్పి వెళ్ళారు.

అక్క పౌచ్‌లు సర్దుతూ నా కుడి సీసా మూత తిప్పింది. సీలు "కటక్" మని తెగింది. నొక్కుకుపోయిన సీసా బుస్సుమని గాలి పీల్చుకుని గుండ్రంగా అయిపోయింది. అక్క దాన్ని తలకిందులు చేసింది. చుక్క కూడా పడలేదు.

"సూరీ. ఇదేటి?"

ఉన్నదున్నట్టు మొత్తం చెప్పాను. నటన సంగతి, కళ్ళు తిరిగిన సంగతి, గొంతులో చల్లదనం సంగతి. నా జీవితంలో మొదటిసారి నా దగ్గర ఒక దెయ్యం కథ ఉంది. చేతిలో సాక్ష్యం ఉంది. ఎదురుగా కూర్చున్నది ఫ్యూజు పోయినా భూతవైద్యుణ్ణి పిలిచే కుటుంబం. కనీసం ఒక కెవ్వుమనే కేక ఆశించాను.

"అదంతా తర్వాత సూద్దాం. నువ్వు నీళ్ళు ఏటికి తాగనేదు?" అంది అక్క.

"అక్కా, సీలు తెగకుండా నీళ్ళు..."

"ఈలేసినాను. తాగినావా అనడిగినాను. తాగినానన్నావు. నువ్వు పడిపోయుంటే నా గతేటి? సిగ్గు నేదేట్రా నీకు?"

పెద్దమ్మ వైపు తిరిగాను. ఆవిడ తెడ్లు తుడుస్తోంది. "తాతని అడిగినావా?" అంది తల ఎత్తకుండా.

"అడిగినాను."

"అయితే ఇంకేటి గొడవ? పద, అన్నం సల్లారిపోతాది."

అంతే. విచారణ ముగిసింది.

నేను మాత్రం వదల్లేదు. చిల్లేమైనా ఉందేమోనని ఎడమ సీసాని బకెట్‌లో ముంచి పిండాను. ఒక్క బుడగ రాలేదు. కొట్టువాణ్ణి అడిగితే, ఖాళీ సీసాలు ఎవరైనా అమ్ముతారా, ఎండ బాగా తగిలిందా అని తిరిగి నన్నే అడిగాడు. అక్క పట్టుబట్టి క్లినిక్‌కి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ కళ్ళు చూసి, నాలుక చూసి, చర్మం గిల్లి చూసి, "నీళ్ళు బాగా తాగుతున్నావు, ఇలాగే తాగు" అని మెచ్చుకుంది. నా జన్మలో డాక్టరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ మెప్పు కూడా నాది కాదు.

ఆఫీసులో ఒకడు ఆవిరైపోయి ఉంటుందన్నాడు. సీలున్న సీసాలోంచి ఆవిరై, మేఘమై, వచ్చి నా పొట్టలో కురిసిందన్నమాట. ఇంకొకడు ఎండకి మతి తప్పి నేనే తాగేసి మర్చిపోయానన్నాడు. అది నాకూ నచ్చింది. నచ్చిందనే సీలు తెగని ఆ ఎడమ సీసాని వాడి చేతికిచ్చి, ఎలా తాగానో చూపించమన్నాను. వాడు దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, మీటింగుందని వెళ్ళిపోయాడు.

అక్క ట్రిప్పులు నడుస్తున్నాయి. ఆ తర్వాత ఎవరూ పడలేదు. తావ్కే ఇప్పుడు బోర్డులు పెట్టుకోవడానికి చేపల షెడ్డులో ఒక మూల కూడా ఇచ్చాడు. కొత్త నియమం ఒకటి వచ్చింది. బయల్దేరే ముందు ప్రతి ఒక్కరూ అక్క ఎదుట సీసా మూత తిప్పి, ఒక గుక్క తాగి చూపించాలి. ఎందుకని కస్టమర్లు అడిగితే సేఫ్టీ అంటుంది. నన్ను మాత్రం చివరి బోర్డు నుంచి తీసేసి, తన వెనకే, కంటికి కనిపించేలా పెట్టుకుంది.

నేను ఇప్పటికీ నమ్మను. తాత ఉన్నాడని ఒప్పుకోను, లేడని ఆ కాలువలో గట్టిగా అనను కూడా. ఒక్కటే నాకు మింగుడు పడదు. భయపెట్టడానికి వచ్చిందంటే అర్థం చేసుకుంటాను. ప్రాణం తీయడానికి వచ్చిందన్నా సరే. కానీ ఆ రోజు అక్క చివరి ఈల వేసినప్పుడు నా బోర్డు మీద ఎవరో, నా గొంతుతోనే, బుద్ధిగా నీళ్ళు తాగారు. అది నేను కాదు.