క్యాలెండర్లో లేని పండగ

మా ఆయన తాపీమేస్త్రీ. ఎవరింటి పనైనా వారంలో అప్పగిస్తాననేవారు, నెల దాటినా పరంజీ దిగేది కాదు. ఆయన రేపంటే వచ్చే నెలని వీధిలో ఎగతాళి. అలాంటి మనిషి జన్మలో ఒక్కసారి పనిదినాలు నిక్కచ్చిగా లెక్కపెట్టారు, అదీ తన గది కోసం.

కిడ్నీలు పాడయ్యాక ఆయన మెడ పక్కన గొట్టం పెట్టారు. వారానికి మూడుసార్లు టౌనుకెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. ఆ గొట్టం ఎక్కువకాలం ఉంటే చీము పడుతుందనీ, పొట్టకి వేరే గొట్టం వేస్తే ఇంట్లోనే సంచులతో చేసుకోవచ్చనీ డాక్టరు చెప్పి తారీఖు ఇచ్చారు. దానికి దుమ్ము లేని గది కావాలన్నారు. మాది మట్టిగోడల పెంకుటిల్లు, వేసవిలో గాలి తిరిగితే అన్నంలోనూ ఇసుకే.

ఉగాది వెళ్లిన మర్నాడు ఆయన క్యాలెండరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆదివారాలు, అమావాస్యలు కొట్టేశారు. ఆసుపత్రి రోజులు కొట్టేశారు, దగ్గరుండి చూసుకునే ఓపిక ఉండదని. శ్లాబు తడిపే రోజులు మాత్రం ఉంచారు. అప్పుడు మనుషులు చెయ్యకపోయినా నీళ్లు పనిచేస్తాయట. డాక్టరు తారీఖుకి ఇంకా కొన్ని రోజులు మిగులు తేలాయి. చాన్నాళ్లకి ఆయన నవ్వడం చూశాను.

శ్లాబు పడింది, గోడలకి పూత అయింది. ఇక గచ్చూ తలుపూ మిగిలాయనగా ఓ సాయంత్రం వీధిలో డప్పు మోగింది. అమ్మవారి పండగ చాటింపు. మా ఊళ్లో ఆ పండగ ఏటా రాదు, పెద్దలు ఎప్పుడనుకుంటే అప్పుడే. అందుకే ఏ క్యాలెండర్లోనూ ఉండదు. చాటింపు పడ్డాక అమ్మవారిని సాగనంపేదాకా ఊళ్లో గునపం దిగకూడదు, సిమెంటు కలపకూడదు. పుట్టి పెరిగిన ఊరి కట్టుబాటే, అయినా లెక్కపెట్టిన రోజున మా ఇద్దరికీ తట్టలేదు.

ఊరిపెద్ద దగ్గరికి పరిగెత్తాను. జబ్బు మనిషి పనికి అమ్మవారు అడ్డు చెప్పదు, కానిచ్చుకోమన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటికొస్తే మా ఆయనే తల అడ్డంగా ఊపారు.

"ఊరందరి పనీ ఆగిపోనాది. నా పనొక్కటే నడిపించమంటావేటే? రేపు ఎవలింట్లో పిల్లకి జొరమొచ్చినా నా గచ్చు మీదకే వస్తాది."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ పేణం కన్నా ఊరి మాట గొప్పదేటి మావా?" అని అడిగాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఊరంతా చుట్టాలు, మైకులు, వీధినిండా దుమ్ము. తలుపు లేని గదిలోకి మేకలు దూరుతుంటే అదిలించడమే నా పండగ. డాక్టరిచ్చిన తారీఖు ఆ సందడిలోనే దాటిపోయింది. ఇంతలో ఆయనకి చలిజ్వరం పట్టుకుంది. మెడ దగ్గర చీము. అమ్మవారి ఘటాలు మా వీధిలోంచి సాగిపోయే వేళకి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. మళ్లీ ఇంటికి నడిచి రాలేదు. అమ్మవారికి ఇప్పటికీ దణ్ణం పెడతాను. కోపం మాత్రం పోలేదు.

పెద్దకర్మ అయ్యాక ఆయనతో పనిచేసిన మేస్త్రీలు పనిముట్లతో వచ్చారు. సగంలో వదిలేస్తే పోయిన మనిషికి మాటొస్తుందన్నారు. గచ్చు చేసి, తలుపు బిగించి, గోడల మీద మరకలు తుడిచారు. చివరికి వాళ్లలో పెద్దాయన నా మొహం చూడలేక తలుపువైపు చూస్తూ, "అయిపోనాదమ్మా" అన్నాడు.

మొత్తం మూడు రోజుల పని.