వియ్యంకుడి గారి సినిమా

నిన్న కెనడాలోని బ్రాంప్టన్‌లో, మా అమ్మాయి ఇంట్లో, మా వియ్యంకుడి గారి సినిమా టీవీలో పెట్టుకుని చూశాం. ఆయన పోయాక ఇదే మొదటి చలికాలం. ఆయన ఇంగ్లండు మనిషి, సినిమా డైరెక్టరు. వరసకొద్దీ నేను అన్నయ్యగారూ అంటే, ఆయన చెల్లెమ్మా అనడం నేర్చుకున్నారు.

వయసులో ఉండగా తీసిన సినిమాల్లో ఈ ఒక్కటీ ప్రాణం పెట్టి తీశారట. అలిగి వెళ్లిపోయిన కథానాయిక చివరికి ఇంటికి తిరిగి రాదు. నిర్మాత రప్పించమన్నాడు. ఈయన ససేమిరా అన్నారు. నిర్మాత ఆ చివరి ముక్క ఇంకొకడిచేత తీయించి, డైరెక్టరుగా పేరు కూడా వాడిదే వేశాడు. ఆ తర్వాత ఈయనకి అక్కడ పని పుట్టలేదు. ఆ లండన్ వదిలి ఒంటారియోలోని ఈ లండన్‌కి వచ్చి, సోఫాలకీ మంచు టైర్లకీ ప్రకటనలు తీసి పిల్లాణ్ణి, అంటే మా అల్లుణ్ణి, పెంచారు. సోఫా మీద వెలుతురు సరిగ్గా పడలేదని పొద్దంతా కూర్చునేవారట, పాపం.

ఆయనింట్లో సినిమా చూడ్డం నాకో శిక్షగా ఉండేది. మనమేమో ‘శుభం’ పడకముందే చెప్పులు వెతుక్కునే రకం. ఓసారి నేనలాగే టీ పెడదామని లేచాను.

“కూర్చో చెల్లెమ్మా. పనిచేసినవాళ్ల పేర్లు వస్తున్నాయి,” అన్నారాయన.

డ్రైవర్ల పేర్లూ, వంటవాళ్ల పేర్లూ అయ్యేదాకా ఎవరం కదలకూడదు. ఆ పట్టింపెందుకో తర్వాత అల్లుడు చెప్పాడు. పేరైతే వేస్తాం, ముగింపు మాత్రం మార్చం అని ఆ సినిమా తీసిన కంపెనీ ఎప్పుడో కబురు పెట్టిందట. రెండూ కావాలి, లేదా ఏదీ వద్దు అన్నారట ఈయన. పోయేదాకా ఆ మాట మీదే ఉన్నారు.

పోయాక, పేరైనా దక్కనీ అని అల్లుడు ఒప్పుకున్నాడు.

నిన్న కథానాయిక నవ్వుకుంటూ ఇంటికి తిరిగొచ్చింది. మేం కదలకుండా కూర్చున్నాం. పేర్లన్నీ అయ్యాక చిట్టచివర ఆయన పేరొచ్చింది. అల్లుడు కళ్లు తుడుచుకున్నాడు.

“గ్రాండ్‌పా ఎండింగ్ సో నైస్, అమ్మమ్మా!” అన్నాడు మనవడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయనే ఉంటే నిన్న అందరికంటే ముందు లేచి వెళ్లిపోయేవారు. బతికున్నన్నాళ్లూ ఆయన్ని ఒప్పించలేని కాలం, ఆయనిక కాదనలేని రోజు చూసుకుని, కాదన్నదాని కిందే ఆయన పేరు రాసిపెట్టింది.