నాలుగు మూలల పసుపు

సరిహద్దులోని ఆ కొండ మీది సైనిక పోస్టులో నేను దిగింది మధ్యాహ్నం. ఎడమన లోయ, కుడిన మంచునీళ్లు కారుతున్న రాతిగోడ. సాయంత్రానికి అవతలి వైపు నుంచి కాల్పులు మొదలయ్యాయి. సెల్‌ఫోన్లు అప్పగించమని ఆజ్ఞ. ఇంటికి ఇక ఉత్తరాలే.

పోస్టు కింద రోడ్డు పని చేసే కూలీల్లో ఈరన్నది మా ఊరు కోసిగే. ఇరవై ఏళ్లుంటాయి. వాళ్ల తాత మా తాత పొలంలో పనిచేశాడు. ఆ పొలం పోయింది, మిద్దె పోయింది. తల వంచడం మాత్రం మా ఇంట్లో ఎవరూ నేర్చుకోలేదు.

ఈరన్న ఇంటికి ఉత్తరం రాసి, చిటికెడు పసుపు అడిగాడు. వాళ్లమ్మకు చదువు రాదు. మూలల్లో పసుపు లేని ఉత్తరం చేతికొస్తే చావు కబురనే అనుకుంటుంది. వంటవాడి దగ్గర్నుంచి తెచ్చిచ్చాను. బొటనవేలితో ఉత్తరం పైన నాలుగు మూలలా అద్దాడు.

ఉత్తరాలు తనిఖీ చేసే హవల్దారు ఒప్పుకోలేదు. గుర్తులున్న కాగితం వెళ్లదన్నాడు. నా ఉత్తరానికీ పసుపు పూసి, రెండూ ఆయన ముందు పెట్టాను.

“పోతే రెండూ పోవాలి. శిక్ష ఉంటే నాకు వేయండి.”

ఆయన వైర్‌లెస్‌లో కెప్టెన్‌ను అడిగాడు. జవాబు ఒక్క మాట: “పంపించు.” నాకు వారం రోజులు అదనపు కాపలా పడింది.

“మీ తాత చూసింటే ఏమనుండునప్పా?” అని నవ్వాడు ఈరన్న.

“ఇద్దరినీ కలిపి తిట్టుండును.”

మర్నాడు గుండ్లు పడి రోడ్డు తెగింది. కూలీలను కిందికి దిగిపొమ్మన్నారు. ఈరన్న గడ్డపార అందుకొని పైకి నడిచాడు. నేను కేక వేశాను.

“ఈ దోవ తెగితే మీకు బువ్వ యాడనుంచి వస్తాదప్పా?” అన్నాడు, వెనక్కి చూడకుండానే.

చీకటి పడేలోగా రేషన్ బండి పైకి వచ్చింది.

కాల్పులు ఆగాక నేను సెలవు మీద కోసిగి వెళ్లాను. ఈరన్న ఇంకా కొండమీదే ఉన్నాడు. కూలీలంతా పోయారన్న పుకారు నమ్మి, ఊరివాళ్లు ఈరన్న అమ్మను పట్టుకొని ఏడవడానికి వచ్చారట. ఆమె పసుపు మూలలు చూపించి అందరినీ పంపేసింది. ఉత్తరం గూట్లో ఉంది. అంటించిన అంచు విప్పనే లేదు. అది గుండ్లు పడకముందు రాసినదని నేను చెప్పలేదు. చదివి వినిపించనా అని అడిగాను.

“ఎందుకప్పా? పసుపుండాది కదా. నా కొడుకుండాడు.”

ఆ తర్వాత సైన్యం వదిలి వచ్చేశాను. అయినా ఒకటి మాత్రం కళ్లముందు నుంచి పోదు. పొగలోకి నడుస్తున్న కుర్రవాడు, గడ్డపార మీద పచ్చటి బొటనవేలు.