డాబా ఎక్కే మనిషి

మా ప్రాంతంలో కానుక కొనేవాడు దాన్ని అందుకునే మనిషిని చూసి కొనడు. మైకును చూసి కొంటాడు. శుభకార్యంలో భోజనాలకు ముందు ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చుని ఎవరు ఏమిచ్చారో మైకులో చదువుతాడు. వాటినే చదివింపులంటారు. వీధి చివరిదాకా ఘనంగా వినిపించేదే మంచి కానుక. యానాం నుంచి పత్రికకు వార్తలు రాస్తూ వరదలు చూశాను, ఎన్నికలు చూశాను. మనిషి డాంబికం అంత నిండుగా కనిపించే చోటు మాత్రం ఇంకొకటి చూడలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా మావయ్యకు షష్టిపూర్తి చేశారు. ఆయనకు రేడియో అంటే ప్రాణం. ఇంట్లో టీవీ ఉన్నా దానికి వీపు పెట్టి కూర్చుని రేడియో వినేవారు. వార్తలు చదివే ఆవిడకు జలుబు చేసిందని మొదటి వాక్యంలోనే పట్టేసేవారు. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ నుంచి నాటకం వచ్చే వేళకు వెళ్లిన చుట్టం మంచినీళ్లు తనే ముంచుకు తాగాలి.

ఆ ఏడు ఆయనకు నాటకం లేకుండా పోయింది. వెనక వీధిలో ఐసు ఫ్యాక్టరీ వచ్చింది. చేపలకు ఐసు కావాలి, తప్పదు. దాని మోటారు తిరుగుతున్నంతసేపూ రేడియోలో వడియాలు వేగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ రాదు. డాబా మీద ఎత్తుగా రాగితీగ కట్టి సెట్టుకు కలిపితే మాట వినబడుతుందని రేడియోలు బాగుచేసే అతను చెప్పాడు. మావయ్య తీగ కొని కొంకికి తగిలించుకున్నారు. నిచ్చెన ఎక్కే మోకాళ్లు మాత్రం ఆయనకు లేవు.

ఏం కావాలని చుట్టాలు అడిగినప్పుడల్లా ఆయన ఒకటే చెప్పారు. తీగ ఉంది, డాబా ఎక్కి కట్టే మనిషి కావాలి, ఇంకేమీ వద్దు. అందరూ నవ్వి, మీరు మరీ మొహమాటపడతారని మెచ్చుకుని బజారుకు బయల్దేరారు. దరియాలతిప్పలో రొయ్యల చెరువులున్న అత్తయ్య తమ్ముణ్ణి నేను అడిగాను, పోనీ నువ్వు కట్టరాదా అని.

“కట్టొచ్చండి. కట్టేనని మైకులో ఏవని చదివిస్తారండీ?” అన్నాడతను. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు.

ఆదివారం షామియానా కింద చదివింపులు మొదలయ్యాయి. రేడియో ఆకారంలో గోడగడియారం. గాజుపెట్టెలో ఇత్తడి మైకు బొమ్మ. రంగు దీపాలు వెలిగే ఎఫ్ఎం సెట్లు వరసగా. మా ఊరికి అప్పటికి ఎఫ్ఎం సరిగా అందేదే కాదు. ఇచ్చినవాళ్లలో ఒక్కరూ వాటిని తిప్పి చూసిన పాపాన పోలేదు. అత్తయ్య తమ్ముడు నడుమెత్తు స్పీకర్లున్న మ్యూజిక్ సిస్టం తెచ్చాడు. దాన్ని ఇద్దరు మోసుకొచ్చారు. అది క్యాసెట్లూ సీడీలూ పాడుతుంది, రేడియో పలకదు. చదివే పెద్దమనిషి దాన్ని రెండుసార్లు చదివాడు. చప్పట్లు కొట్టారు.

మావయ్య పట్టుపంచెలో కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చారు.

“అందరికీ నమస్కారం. నాటకం టైమవుతోంది. ఎవరైనా ఆ తీగ కట్టిపెడతారా?” అన్నారాయన.

షామియానా అంతా నవ్వింది. షష్టిపూర్తి పెళ్లికొడుకుకు సరసం ఎక్కువని ఒకాయన నా పక్కన మురిసిపోయాడు. మావయ్య నవ్వలేదు. అప్పుడు అత్తయ్య లేచి ఆయన చేతిలో మైకు తీసుకుంది.

“ఒరే తమ్ముడూ, ఈ డబ్బాలన్నీ ఎక్కడ సర్దుకోనురా? ఆ తీగ పట్టుకుని డాబా ఎక్కు. నీ పేరు మళ్లీ చదివిస్తాను.”

అతను పంచె ఎగ్గట్టి నిచ్చెన ఎక్కాడు. పెద్దమనిషి గొంతు సవరించుకుని, దరియాలతిప్ప వాస్తవ్యులు బావమరిది గారు డాబా ఎక్కి రేడియో తీగ కట్టుట, అని చదివాడు. ఇక చూడాలి. మెట్టకూరు నుంచి వచ్చిన వియ్యంకుడు పరుగున వెళ్లి నిచ్చెన పట్టుకున్నాడు, అదీ చదివారు. వెదురుగెడ అందించినవాడు తన ఇంటిపేరుతో సహా చదివించుకున్నాడు. ఆరు నెలలుగా ఒక్కరూ ఎక్కని డాబా మీద పట్టుపంచెలు నిలబడ్డానికి చోటు చాలలేదు.

తీగ కొస కిందికి దించి సెట్టుకు చుట్టారు. చప్పుడు మధ్యలోంచి ఒక ఆడగొంతు పైకి వచ్చింది. నాటకం మొదలైపోయింది. మావయ్య సెట్టును చెవి దగ్గరకు తీసుకున్నారు. ఇవతల మైకులో ముడి వేసినవాడి పేరు మోగుతోంది.

“ఆ మైకు ఆపించవే, వినబడ్డం లేదు,” అన్నారు అత్తయ్యతో.

ఆవిడ ఆపించింది. తమ కానుకలు ఇంకా చదివించుకోని వాళ్లు కొందరు మిగిలిపోయారు. కాసేపు మైకు వైపు, కాసేపు మావయ్య వైపు చూసి, వాళ్లలో కొందరు విస్తరి ముందు కూర్చోకుండానే ఆటోలెక్కారు. నాటకం అయ్యేదాకా మావయ్యకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాక, వెళ్లింది ఎవరెవరని ఆయన అడగనూ లేదు.