వదినె ముళ్ల డాలు

మొన్న హన్మకొండ చౌరస్తాలో హసన్‌పర్తి పోయే ఆటో ఎక్కితే, నా పక్కన ఇద్దరు కాలేజీ పిల్లలు కూర్చుని గట్టిగా వాదించుకుంటున్నారు. ఏళ్ల తరబడి పత్రికాఫీసులో పనిచేసిన చెవికి ఒక జబ్బు అంటుకుంటుంది, పక్కవాళ్ల మాట వినకుండా ఉండలేదు. ముందు ఏదో కుస్తీ పోటీ గురించి అనుకున్నాను. తర్వాత తెలిసింది, కంప్యూటర్‌లో ఆడే ఆట గురించి. "దమ్ముల పాయింట్లు పెట్టేటోడు పిచ్చోడురా," అన్నాడు ఒకడు. "గా ముళ్ల డాలును కంపెనోళ్లే పనికిరాకుంట చేసిండ్రు గద." నేను ఊరుకోవచ్చు. కానీ ఊరుకోలేదు. "మా వదినె పెట్టింది," అన్నాను. ఇద్దరూ నా తెల్లజుట్టు వైపు చూశారు. "దమ్ములనా అంకుల్?" "అన్నీ దమ్ములనే." "మరి మార్చుకోలేదా?" ఆ పిల్లవాడి గొంతులో నిజమైన జాలి వినిపించింది, ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందని విన్నట్టు. ఆ ముచ్చట చెప్పడానికి హసన్‌పర్తి దాకా ఉన్న దూరం చాలదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఆట తెలియనివాళ్లకు ఒక్క మాట. అది రాక్షసులూ కోటలూ మంత్రాలూ ఉన్న లోకం. మొదట్లో మనకొక మనిషి బొమ్మను ఇచ్చి, కొన్ని పాయింట్లు చేతిలో పోస్తారు. వాటిని బలం, చురుకు, తెలివి, దమ్ము అనే గళ్లలో మనకు తోచినట్టు పంచుకోవాలి. బలంలో పోస్తే కత్తి దెబ్బ గట్టిగా పడుతుంది, చురుకులో పోస్తే లేడిలాగా ఉరుకుతాం, తెలివిలో పోస్తే మంత్రాలు వస్తాయి. దమ్ములో పోస్తే ఎన్ని దెబ్బలైనా తింటాం, అంతే. ఇలా పంచుకున్న తీరును ఆడేవాళ్లు బిల్డ్ అంటారు. లోకంలో ఎవరైనా తలా కొంచెం పంచుతారు. మా వదినె పంచలేదు.

వదినె కొత్తవాడ మనిషి. జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టి, జంపఖానాలు నేసే మా ఇంటికే వచ్చింది. వెడల్పాటి జంపఖానాకు ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. అందులో ఒకరి చెయ్యి ఎంత చురుకైనదైనా లాభం లేదు, పక్కవాళ్ల వైపు అడ్డంగా నేసే పేక ఆ ఎత్తుకు వచ్చేదాకా ఆగాల్సిందే, లేకపోతే అంచు వంకరపోతుంది. అంటే నెమ్మదిగా నేసేవాళ్ల వేగమే ఆ మగ్గం వేగం. ఇంకో కట్టడి కూడా ఉంది. పడుగు, అంటే నిలువు దారాలు, ఒకసారి ఎక్కించారంటే, ఆ జంపఖానా అయిపోయేదాకా దాని జోలికి పోరు. పూలు మార్చుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు, అదంతా పేకలో. పడుగు మాత్రం పడుగే. ఈ రెండు మాటలూ గుర్తుంచుకుంటే మిగతా కథ తేలికగా అర్థమవుతుంది.

కరోనా వచ్చి మగ్గాలు ఆగిపోయినప్పుడు మా అన్న, వదినె హసన్‌పర్తిలో కూతురి దగ్గరికి వచ్చేశారు. ఆ పిల్ల ఇంజినీరింగ్ చదివి, ఇంట్లో నుంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తుంది. వారమంతా గది తలుపేసుకుని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఉంటుంది. ఇంట్లో ముగ్గురున్నా మాట్లాడేది మా అన్న ఒక్కడే, అదీ టీవీతో. ఖాళీ చేతులతో కూర్చోలేక వదినె గిన్నెలు తోమినవే మళ్లీ తోముతుంటే, కూతురు విసిగి ముందు గదిలో పాత కంప్యూటర్ పెట్టి ఈ ఆట నేర్పింది. పాయింట్లు పంచమంటే వదినె ఇవి కూడా పడుగులాంటివే అనుకుంది, ఒకసారి పెడితే ఇక మారవని. మారని దానికి నాలుగు దారాలు కలపడమెందుకని, ఉన్నవన్నీ దమ్ములో పోసేసింది. కత్తి కూడా తీసుకోలేదు. రెండు చేతులతో పట్టుకునే ముళ్ల డాలు తీసుకుంది. కొట్టినవాడికి ఆ ముల్లు కొంచెం గుచ్చుకుంటుంది, అదే దాని యుద్ధం. బొమ్మకు మా అమ్మ పేరు పెట్టింది.

"మా అమ్మ పేరెందుకు వదినె?" అన్నాను.

"అత్త పేరు పెడితె, ఎవలెన్ని దెబ్బలు కొట్టినా నా పానం గుంజది మరిది," అంది. మళ్లీ తనే, "గంతే గాదు. ఎవలన్నా జరుపుతె జరిగిందా మీ అమ్మ ఏనాడన్నా?" అంది. చనిపోయిన మా అమ్మను అంత బాగా ఎవరూ తలుచుకోలేదు.

కూతురికి కాలేజీ స్నేహితులతో ఒక టీమ్ ఉంది. ప్రతి ఆదివారం అందరూ ఎక్కడివాళ్లక్కడ కూర్చుని కలిసి ఆడతారు, నాయకత్వం ఈ పిల్లదే. అందులో ఒకరు మానేస్తే, ఆ ఖాళీలో తల్లిని చేర్చుకుంది. అప్పటి నుంచి ఆదివారం కొన్ని గంటలపాటు ఈ గదిలో తల్లి, ఆ గదిలో బిడ్డ, ఇద్దరూ ఒకే పని మీద ఉండేవారు. గోడ అడ్డమున్నా కేకలు వినిపించేవి. వదినె ఆదివారం కోసం శనివారమే ఇడ్లీ పిండి రుబ్బుకునేది. ఆ మనిషికి కొత్తవాడ వదిలాక దొరికిన తోడు అదొక్కటే అని నాకు తెలుసు. మా అన్నకు కూడా తెలుసు, కానీ ఆయన టీవీ చూస్తున్నాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, దమ్మున్న మనిషికి ఉరుకు ఉండదు. "అమ్మా, మేం కోట దర్వాజ కాడ కొట్లాడుతాంటే నువ్వింకా వాగు దాటుతానవ్," అని లోపలి నుంచి కేక వచ్చేది. "మిమ్ములనెవలు ఉరకుమన్నరు? జర ఆగుతె ఏం పోతది?" అని ఇక్కడి నుంచి జవాబు. ఆ ఆటలో ఆగడం అనేది లేదు. చివరి కోటలో ఏడు తలల సర్పం ఉంది, దాన్ని చంపాలని టీమ్ ఎన్ని ఆదివారాలు తల బాదుకున్నా కావడం లేదు. లోపం ఎక్కడుందో అందరూ కలిసి తేల్చేశారు, వదినెలో ఉంది. పాయింట్లన్నీ వెనక్కి తీసుకుని కొత్తగా పంచుకునే వీలు ఆటలో ఉందని కూతురు అప్పుడు చెప్పింది. స్క్రీన్ మూలన ఒక ఎర్ర బటన్ ఎప్పుడూ మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. మౌస్‌తో దాన్ని నొక్కితే చాలు.

"ఆదివారం లోపట రీసెట్ కొట్టు అమ్మా. బలంల సగం, చురుకుల సగం పెట్టుకో. అందరు గట్లనే ఆడుతాండ్రు."

"సగం నేసిన జంపఖానను కోసి, పడుగు తీసి ఇంకోటి ఎక్కిస్తమా బిడ్డా?"

"గిది జంపఖాన కాదమ్మా. గేమ్."

"మగ్గం మీద కూసున్నది నేనే గద."

"కొట్టకపోతె వేరేటామెను తీసుకోవాల్సి వస్తది," అంది పిల్ల, తలుపు పట్టుకుని నిలబడి. గొంతు తగ్గింది. "నేనొక్కదాన్నే అంటలేనమ్మా. టీమంత అంటాంది."

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. వదినె లేచి అద్దం దగ్గరికి పోయి, అద్దానికి అంటించి ఉన్న బొట్టుబిళ్లల్లో పెద్దది ఒకటి తీసుకుని వచ్చి, ఆ మిణుకుమిణుకుమనే బటన్ మీద సరిగ్గా అంటించి బొటనవేలితో అదిమింది. "తీసుకో పో," అంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచారని నేను పొద్దున్నే పోయాను. పొయ్యి వెలగలేదు. లోపలి గదిలో కూతురు కొత్తామెతో, తన టీమ్‌తో సర్పం మీదికి పోయింది. ముందు గదిలో వదినె ఒంటరిగా పోయింది. ఆ ఆటలో ఎవరు పోతే వాళ్లకో కోట, అందులో వాళ్లకో సర్పం ఉంటుంది. లోపల అరగంటకోసారి "అయిపోయిందిరా" అని వినిపిస్తుంది, మళ్లీ మొదలు. ఇక్కడ ఏ చప్పుడూ లేదు. సర్పం కాటేస్తుంది, మా అమ్మ పేరున్న ఆ ముసలి బొమ్మ డాలు అడ్డం పెడుతుంది, ముల్లు గుచ్చుకుంటుంది, పైనున్న గీతలో సర్పం ప్రాణం వెంట్రుకంత తగ్గుతుంది. మళ్లీ కాటు. చూడటానికి మగ్గం మీద పంజా దువ్వెనతో పేక గుద్దినట్టే ఉంది, టక్కు, టక్కు. మా అన్న వంటింట్లోకి తొంగిచూసి, "ఇయాల పామునే వండేటట్టున్నది," అని తనే బియ్యం కడిగాడు.

శీర్షికలు పెట్టిన అలవాటు కొద్దీ, "నీ ఓర్పుకు దండం వదినె," అన్నాను.

ఆమె స్క్రీన్ మీది నుంచి చూపు తిప్పలేదు. "ఓర్పు గాదు మరిది. ఓర్పంటె ఇంకొకల కోసం. గది నేను బతుకంత జేసిన, అండ్ల సంబురమేం లేదు. గిది మొండితనం. గిది నాది."

మంచినీళ్ల కోసం బయటికి వచ్చిన కూతురు మా వెనక ఆగింది. గ్లాసు చేతిలోనే ఉంది. తన టీమ్ ఎన్నడూ సర్పాన్ని సగం దాకా కూడా తేలేదని నాకు తర్వాత చెప్పింది. ఎందుకంటే వాళ్లందరూ కొట్టేవాళ్లే, ముందు నిలబడేవాళ్లు లేరు, నిలబడగల ఒక్కామె వాగు దాటి చేరేలోపే వాళ్ల పని అయిపోయేది. ఇక్కడ సర్పానికి ఒక్క తల మిగిలింది. ఆ తల విషం కక్కడం మొదలుపెట్టింది. విషానికి డాలు అడ్డం రాదు. దూరం నుంచి కొట్టేవాళ్లెవరో వెనక ఉండాలి, లేరు. వదినె బొమ్మ నిలబడ్డచోటే మోకాళ్ల మీద కూలింది. ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు.

"ఇప్పుడన్న మారుస్తవా?" అంది కూతురు, కానీ అది అడిగినట్టు లేదు.

"ఎందుకు? ఒక పూట కూసున్న. ఇంకో పూట కూసుంట."

కూతురు గదిలోకి పోయింది. తలుపు వేసుకోలేదు. హెడ్‌ఫోన్‌లో అన్న మాటలు మాకు వినపడ్డాయి. "వచ్చే వారం మా అమ్మ ముంగట నిలబడ్తది. మనం ఎన్క ఉంటం. ఆమె నడిచినంతనే మనం నడవాలె. ఇష్టం లేనోళ్లు పోవచ్చు, నన్ను తీసేసుడైనా సరే." ఇద్దరు పోయారు. మిగిలినవాళ్లు తర్వాతి ఆదివారం కోట దర్వాజ దగ్గర ఆగారు, వాగు దాటి ఒక ముసలిబొమ్మ డాలు మోసుకుంటూ వచ్చేదాకా. సర్పం ఆ వారం కూడా గెలిచింది. ఆ తర్వాత ఇంకెప్పుడో కూలింది, చివరి బాణం కూతురిదే. వదినె మాత్రం సంతోషించలేదు. "నేనింక కూసుందామనుకుంటి, నన్నడగకుంటనే చంపిండ్రు," అంది.

ఆ తర్వాత కంపెనీవాళ్లు ఆటను మార్చారు. ముళ్ల పదును తగ్గించారు, మళ్లీ ఇంకో మార్పులో ఇంకా తగ్గించారు. అలా ఆడేవాళ్లందరూ ఒక్కొక్కరే పాయింట్లు మార్చుకున్నారట. నా సంగతికి వస్తే, సీసం అక్షరాల దగ్గర మొదలుపెట్టి సెల్‌ఫోన్ వార్తల దాకా ఆఫీసు ఎప్పుడు మారమంటే అప్పుడు మారినవాణ్ణి. అది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ మారనివాళ్లను చూసి ఆటోలో జాలిపడితే మాత్రం నాకు కోపం వస్తుంది.

మొన్న ఆటో దిగి అన్నవాళ్లింటికి పోయేసరికి వదినె కంప్యూటర్ ముందే ఉంది. పిల్లలన్న మాట చెప్పాను. "ఆదివారం రమ్మనకపోయినవా," అంది డాలు దించకుండా. "నా ఎన్క జాగున్నది గద." స్క్రీన్ మూలన ఆ బొట్టుబిళ్ల రంగు వెలిసిపోయింది. దాని అంచుల చుట్టూ ఎర్రటి వెలుగు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. మారమని కాలం ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉంది, మా వదినె ఇంకా అక్కడే నిలబడి ఉంది.